చండీగఢ్‌ను ఎక్కడి నుంచి చూడాలి

విజయవాడలో ఆర్కిటెక్చర్ నాలుగో సంవత్సరం చదువుతున్నానని రాశారు. కాలేజీ తరఫున రెండు రోజులు చండీగఢ్ వెళ్లి వచ్చానని, శాసనసభ, సచివాలయం, హైకోర్టు ఉన్న క్యాపిటల్ కాంప్లెక్సు ఆవరణలో ఎండకు మాడిపోవడం తప్ప పెద్దగా ఏమీ గుర్తు లేదని, ఏ రోడ్డు చూసినా ఒకేలా కనిపించిందని చెప్పారు. ఈ ఊరిని గొప్ప నగరమని పాఠాల్లో ఎందుకు చెబుతారు, అమరావతి దీని నుంచి నేర్చుకోవలసింది ఏమైనా ఉందా అన్నవి మీ ప్రశ్నలు. నేను నగర ప్రణాళిక వృత్తిలో ముప్పై ఏళ్లకు పైగా ఉన్నాను. అందులో మొదటి ఎనిమిదేళ్లు చండీగఢ్‌లో, ఇరవై రెండో సెక్టారులో (నగరాన్ని విభజించిన పెద్ద పేటలను అక్కడ సెక్టార్లంటారు) ఒక ఇంటి పై వాటాలో అద్దెకు ఉంటూ పనిచేశాను. మీకు కలిగిన నిరాశ న్యాయమైనదే, కానీ అది మీరు నిలబడి చూసిన చోటు వల్ల కలిగింది. ఆ నగరం గొప్పతనం మామూలు సెక్టారు లోపల, ఒక చిన్న ఉద్యోగి కోసం కట్టిన రెండు గదుల ఇంట్లో ఉంది. దాని లోపం నగరం అంచుల్లో, నక్షాలో చోటు దొరకని మనుషుల దగ్గర ఉంది. ఈ రెండు చోట్లకూ కాలేజీ బస్సులు సాధారణంగా వెళ్లవు.

ముందుగా కొంత చరిత్ర చెప్పుకోవాలి, ఎందుకంటే నగరం పుట్టిన తొందరను తెలుసుకోకపోతే దాని నిర్ణయాలు అర్థం కావు. 1947లో పంజాబు రెండుగా చీలినప్పుడు రాజధాని లాహోరు పాకిస్తానుకు పోయింది. ప్రభుత్వం సిమ్లాలో తలదాచుకుంది, లక్షల మంది కాందిశీకులు నీడ కోసం ఎదురుచూస్తున్నారు. 1948లో శివాలిక్ కొండల పాదాల దగ్గర, పటియాలా కీ రావ్, సుఖ్నా చో అనే రెండు వాగుల నడుమ ఉన్న మెరక నేలను ఎంపిక చేశారు. దగ్గరలోని చండీ ఆలయం పేరే నగరానికి వచ్చింది. మొదటి నక్షా గీసినవాడు, ఈ నగరం పేరు చెప్పగానే అందరూ తలచుకునే ఫ్రాన్సు ఆర్కిటెక్టు లే కార్బూజియే కాదు. అమెరికా ప్రణాళికావేత్త ఆల్బర్ట్ మేయర్, ఆయన సహచరుడు మాథ్యూ నొవిట్స్కీ కలిసి విసనకర్ర ఆకారంలో, వంపు తిరిగిన రోడ్లతో, ఇరుగుపొరుగు పేటలను పెద్ద పెద్ద బ్లాకులుగా కూర్చి ఒక ప్రణాళిక తయారు చేశారు. 1950 ఆగస్టులో నొవిట్స్కీ విమాన ప్రమాదంలో మరణించడంతో పరిస్థితి మారిపోయింది. అధికారి పి. ఎన్. థాపర్, చీఫ్ ఇంజనీరు పి. ఎల్. వర్మ యూరపు వెళ్లి లే కార్బూజియేను, ఆయన దాయాది పియరీ జానరేను, ఇంగ్లండుకు చెందిన మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ దంపతులను ఒప్పించి తీసుకువచ్చారు. 1951 ఫిబ్రవరిలో కొద్ది రోజుల్లోనే కొత్త నక్షా సిద్ధమైంది. మేయర్ వంపులు చాలావరకు సాపు అయ్యాయి గానీ, పేట తన అవసరాలను తానే తీర్చుకోవాలన్న మూల భావన మాత్రం అలాగే నిలిచింది. అందువల్ల చండీగఢ్‌ను ఒక్క మనిషి మేధస్సు ఖాతాలో వేసి చదవడం పొరపాటు. లే కార్బూజియే ఏడాదికి రెండుసార్లు వచ్చి వెళ్లేవాడు. ఫ్రై, డ్రూ మూడేళ్లు ఉన్నారు. జానరే 1965 వరకు అక్కడే ఉండి, చనిపోయాక తన చితాభస్మాన్ని సుఖ్నా చెరువులో కలపమని కోరుకునేంతగా ఆ ఊరి మనిషి అయ్యాడు. ఊర్మిళా యూలీ చౌధురి, ఆదిత్య ప్రకాశ్, ఎం. ఎన్. శర్మ, జీత్ మల్హోత్రా వంటి భారతీయ ఆర్కిటెక్టులు రోజువారీ పని భారాన్ని మోశారు.

ఇక సెక్టారు సంగతికి వస్తాను. ఒక్కో సెక్టారు 800 మీటర్ల వెడల్పు, 1200 మీటర్ల పొడవు. అంటే సుమారు 240 ఎకరాలు. ఈ కొలతను మీరు కాగితం మీద చూసి ఉంటారు, కాలినడకన చూసి ఉండరు. నడిమధ్య నుంచి ఏ మూలకైనా నేరుగా కొలిస్తే దూరం సుమారు 720 మీటర్లే, అంటే పిల్లలు కూడా పది పన్నెండు నిమిషాల్లో నడిచి చేరగల దూరం. ఇంటి నుంచి బడికి, బడి నుంచి పార్కుకు, పార్కు నుంచి కూరగాయల దుకాణానికి వెళ్లాలంటే వేగంగా వాహనాలు పోయే రోడ్డును దాటనవసరం లేదు. దీన్ని సాధ్యం చేసింది రోడ్లకు ఇచ్చిన అంతస్తుల క్రమం. వీ1 నుంచి వీ7 వరకు ఏడు రకాల దారులను ముందే నిర్ణయించారు. వీ1 ఇతర ఊళ్ల నుంచి వచ్చే రహదారి. వీ2 మధ్య మార్గ్, జన్ మార్గ్ వంటి ప్రధాన వీధి. వీ3 సెక్టారు చుట్టూ తిరిగే వేగపు రోడ్డు. ఆ రోడ్డు మీద ఏ ఇంటి గుమ్మమూ తెరుచుకోదు, సెక్టారులోకి ప్రవేశాలు కొన్నే ఉంటాయి. మీకు అన్ని రోడ్లూ ఒకేలా కనిపించడానికి కారణం ఇదే, మీ బస్సు రెండు రోజులూ వీ3ల మీదనే తిరిగింది. అక్కడ గోడలు, చెట్లు, రౌండబౌట్లు తప్ప ఏమీ కనిపించకూడదన్నదే ఆ రోడ్డు ఉద్దేశం. ఊరు దాని వెనుక ఉంది.

సెక్టారును అడ్డంగా కోస్తూ పోయే వీ4 అంగళ్ల వీధి. ఒక సెక్టారు వీ4 పక్క సెక్టారు వీ4తో కలుస్తుంది కాబట్టి బజారు ఒక పేట నుంచి మరో పేటకు తెగకుండా సాగుతుంది. దుకాణాలను వీధికి ఒకే పక్కన, నీడ పడే వైపున పెట్టారు. బజారుకు వచ్చినవాళ్లు రోడ్డు అటూ ఇటూ దాటనవసరం లేకుండా, నీడన నడుస్తూ కొనుక్కోవచ్చు. మన ఊళ్లలో బందరు రోడ్డు మీదో, ఏలూరు రోడ్డు మీదో బజారు రోడ్డూ ప్రయాణపు రోడ్డూ ఒకటే అయిపోయి ఎంత నలిగిపోతున్నాయో మీకు నేను చెప్పనవసరం లేదు. వీ5 సెక్టారు లోపల చుట్టు తిరిగే నెమ్మది దారి, వీ6 ఇంటి గుమ్మం దాకా వెళ్లే సందు. వీ7 పూర్తిగా మనుషులది. ఒక సెక్టారు నుంచి మరో సెక్టారుకు పచ్చని పట్టీలాగా సాగిపోతుంది, బళ్లూ ఆటస్థలాలూ దాని మీదనే ఉంటాయి. నేను ఉన్న రోజుల్లో ఉదయం ఆరింటికి ఆ పట్టీ మీద నడిస్తే ముసలివాళ్లు, పాల క్యాన్లతో సైకిళ్లు, బడి పిల్లలు ఎదురయ్యేవారు. హారను మోత దూరంగా వినిపించేది. సైకిల్ దారులను వీ8గా తరువాత చేర్చారు.

ఇప్పుడు ఇళ్ల గురించి. నాకు ఈ నగరం మీద గౌరవం కలిగించినది ఇదే, అందుకే దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ప్రభుత్వ ఉద్యోగుల ఇళ్లను ముఖ్యమంత్రి నుంచి బంట్రోతు దాకా పదమూడు తరగతులుగా విభజించి, ప్రతి తరగతికీ నమూనాలు గీశారు. అడుగు తరగతి ఇంటికి రెండు గదులు, వంటిల్లు, వరండా, విడిగా స్నానాల గది, మరుగుదొడ్డి, చిన్న పెరడు ఉండాలన్నారు. ఒకే గదిలో కుటుంబమంతా ఉండటం సాధారణమైన రోజుల్లో, కాందిశీకుల శిబిరాలు ఇంకా ఎత్తివేయని కాలంలో, అతి తక్కువ జీతగాడికి కూడా ఇంతకన్నా తగ్గకూడదని ఒక రాష్ట్ర ప్రభుత్వం గీత గీసింది. ఆ చిన్న ఇళ్లను ఫ్రై, డ్రూ, జానరే స్వయంగా గీశారు. నమూనా పేరులో తరగతి అంకెకు పక్కన గీసినవారి పేరులోని మొదటి అక్షరాన్ని చేర్చేవారు. ప్రపంచ ప్రసిద్ధులైన ఆర్కిటెక్టులు బంట్రోతు ఇంటి కిటికీ ఎక్కడ ఉండాలో ఆలోచిస్తూ కూర్చోవడం మన వృత్తి చరిత్రలో తరచుగా జరిగే విషయం కాదు.

ఆ ఇళ్లు కాంక్రీటువి కావు, ఇటుకవి. సిమెంటు, ఉక్కు ఖరీదైన రోజులు కాబట్టి కాంక్రీటును క్యాపిటల్ భవనాలకు, కప్పులకు దాచుకుని, గోడలకు స్థానికంగా కాల్చిన ఇటుకనూ, వాగుల్లో దొరికే గుండ్రాళ్లనూ వాడారు. వాతావరణాన్ని లెక్కలోకి తీసుకున్న తీరును మీరు తప్పక చదవాలి. వడగాలి వీచే పొడి వేసవి, ఉక్కపోసే వానాకాలం, ఎముకలు కొరికే చలికాలం, ఈ మూడింటికీ ఒకే ఇల్లు సరిపోవాలి. వేసవికి పనికివచ్చే మందపు గోడ వానాకాలంలో వేడిని వదలదు. గాలి కోసం తెరిచిన కిటికీ మే నెలలో దుమ్మును తెస్తుంది. లే కార్బూజియే కార్యాలయం ఏడాది పొడవునా ఎండ, తేమ, గాలి ఎలా మారతాయో చూపే ఒక పట్టికను తయారుచేసి, దాని ప్రకారం పరిష్కారాలు వెతికింది. ఇళ్లలో దాని ఫలితం చాలా సాదాగా ఉంటుంది. లోపలికి జరిగిన వరండా, ఎండను కోసే ఇటుక జాలీ, రాత్రి పడుకోవడానికి వీలుగా జాలీ పిట్టగోడ ఉన్న డాబా. నేను అద్దెకున్న వాటాలో మే నెల రాత్రులన్నీ డాబా మీదనే గడిపాను. ఎదుటి ఇంటివాళ్ల చూపు పడకుండా, గాలి మాత్రం తగిలేలా ఆ పిట్టగోడ ఎత్తును ఎవరో ఆలోచించి పెట్టారన్న సంగతి నాకు రెండో వేసవిలో గానీ తట్టలేదు.

ప్రైవేటు ఇళ్లను కూడా ఇష్టారాజ్యంగా వదలలేదు. 1952లో చేసిన చట్టం కింద నిర్మాణ నియంత్రణలు వచ్చాయి. మర్లా అనే పంజాబు భూకొలత లెక్కన అమ్మిన చిన్న స్థలాల్లో ఇంటి ఎత్తు, ముందు వదలవలసిన జాగా, వీధి వైపు కనిపించే చట్రం ముందే నిర్ణయించి, ఆ చట్రం లోపల యజమానికి స్వేచ్ఛ ఇచ్చారు. అంగళ్ల వీధిలో స్తంభాల వరుస, వరండా వెడల్పు ఎవరూ మార్చడానికి వీల్లేదు. పదిహేడో సెక్టారులోని నగర కేంద్రంలో కూడా ఇదే పద్ధతి. దీని వల్ల ముఖభాగాలు కొంత బోసిగా, మార్పు లేకుండా కనిపిస్తాయన్న విమర్శతో నేను ఏకీభవిస్తాను. అయితే వరండాను మూసేసి దుకాణాన్ని ముందుకు జరుపుకోలేని బజారులో పాదచారికి డెబ్బై ఏళ్లుగా నీడ దొరుకుతోందన్నది కూడా నిజం. నక్షా గీయడం కన్నా దాన్ని నిలబెట్టడం కష్టమని నాకు ఈ నగరమే నేర్పింది.

చెట్లూ అలాగే. ఎం. ఎస్. రంధావా అనే అధికారి, వృక్షశాస్త్రం చదివినవాడు, ఏ రోడ్డుకు ఏ చెట్టు అన్నది పట్టుదలగా చూసుకున్నాడు. రేల, గుల్‌మొహర్ పూల కోసం, అక్కడ పిల్ఖన్ అని పిలిచే జువ్వి నీడ కోసం. 1958లో సుఖ్నా చో మీద కట్ట వేసి చెరువు చేశారు. కొండల నుంచి కొట్టుకొచ్చే ఇసుకమేటతో చెరువు పూడిపోతుంటే పరీవాహక ప్రాంతంలో అడవి పెంచి, చిన్న అడ్డుకట్టలు కట్టి దాన్ని కాపాడుకుంటూ వస్తున్నారు.

క్యాపిటల్ కాంప్లెక్సును కూడా మీరు అనుకున్నంత తేలికగా తీసిపారేయకండి. హైకోర్టు 1955లో, 254 మీటర్ల పొడవైన సచివాలయం 1958లో, శాసనసభ 1960ల ఆరంభంలో పూర్తయ్యాయి. శాసనసభ పైన కనిపించే గుండ్రని శిఖరం ఆకారానికి అహ్మదాబాదులోని విద్యుత్ కేంద్రపు శీతలీకరణ గోపురం ప్రేరణ. తలమీద కాంక్రీటు గంపలు మోసిన స్త్రీల శ్రమతో, చేతితో బిగించిన సెంట్రింగుతో అంత పెద్ద పెంకును పోశారు. చెక్క పలకల గుర్తులు ఇంకా ఆ గోడల మీద ఉన్నాయి. 2016లో ఈ సముదాయాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. కానీ మీరు చెప్పిన శూన్యం కూడా నిజమే, దానికి కారణాలున్నాయి. నాలుగో ప్రధాన కట్టడంగా తలపెట్టిన గవర్నరు భవనం ప్రజాస్వామ్యానికి తగదని నెహ్రూ భావించడంతో కట్టలేదు, కాబట్టి ఆవరణకు ఒక అంచు లేకుండా పోయింది. తెరిచిన హస్తం స్మారకం డబ్బు లేక ఆగిపోయి, లే కార్బూజియే మరణించిన ఇరవై ఏళ్లకు, 1985లో గానీ నిలబడలేదు. 1966లో హర్యానా ఏర్పడ్డాక ఒకే సభా భవనాన్ని, ఒకే సచివాలయాన్ని రెండు రాష్ట్రాలు పంచుకుని మధ్యలో అడ్డుగోడలు పెట్టుకున్నాయి. అన్నిటికీ మించి, 1995 ఆగస్టు 31న సచివాలయం ముందు జరిగిన బాంబు పేలుడులో ముఖ్యమంత్రి బేఅంత్ సింగ్ మరణించారు. ఆ తరువాత ముళ్లకంచెలు, అనుమతి పత్రాలు వచ్చాయి. ప్రజలు తిరగడానికి ఉద్దేశించిన మైదానం కాపలా మైదానమైంది. మీరు చూసింది ఆ గాయం తరువాతి స్థితి. అయితే అంత దూరంగా, కొండల నేపథ్యం కోసం ఊరి తలవైపున విడిగా పెట్టడం వల్ల మామూలు రోజుల్లో కూడా అక్కడికి పనిలేనివాళ్లు వెళ్లేవారు కాదు. ఎండను ఆపడానికి పెట్టిన మందపు కాంక్రీటు పలకలు పగలంతా వేడిని తాగి సాయంత్రం గదుల్లోకి వదిలేవి. ఇవి నక్షా లోపాలే.

ఇప్పుడు అసలైన లోపం. మొదటి దశలో ముప్పై సెక్టార్లలో లక్షన్నర, రెండో దశలో మరో మూడున్నర లక్షలు, మొత్తం ఐదు లక్షల జనాభాకు నగరాన్ని గీశారు. 2011 జనగణన నాటికి ఆ సంఖ్య 10,55,450. సంఖ్య దాటడం పెద్ద నేరం కాదు, ఏ నగరం లెక్క ప్రకారం పెరుగుతుంది? నేరం ఎక్కడుందంటే, నగరాన్ని కట్టడానికి వచ్చినవాళ్లను అసలు లెక్కలోకే తీసుకోలేదు. అడుగు తరగతి ప్రభుత్వోద్యోగికి రెండు గదులు ఇవ్వాలని అంత శ్రద్ధగా ఆలోచించిన వాళ్లు ఇటుకలు మోసిన కూలీకి, బట్టలు ఉతికే మనిషికి, బండి మీద పండ్లు అమ్మేవాడికి చోటు చూపలేదు. వాళ్లు ప్రభుత్వ జీతగాళ్లు కారు కాబట్టి ఏ తరగతిలోనూ లేరు. లేబరు కాలనీలు తాత్కాలికమన్నారు, తాత్కాలికం దశాబ్దాలు నడిచింది. పేరు కూడా లేకుండా అంకెలతో పిలిచిన కాలనీల్లో నాలుగో నంబరు కాలనీని 2022లో కూల్చివేశారు. మొదటి దశ స్థలంలోని పల్లెలను పూర్తిగా తుడిచేసి నిర్వాసితులను పంపించారు. రెండో దశలో కొన్ని పల్లెలను ఉన్నచోటనే వదిలి, వాటి చుట్టూ సెక్టార్లు గీశారు. నలభై ఐదో సెక్టారులోని బురైల్ అలా మిగిలిన ఊరు. లాల్ డోరా అని పిలిచే ఆ గ్రామకంఠం గీత లోపల నియంత్రణలేవీ చాలాకాలం వర్తించలేదు కాబట్టి, తక్కువ అద్దెకు చోటు కావలసిన వాళ్లంతా అక్కడికే చేరారు. నగరం తనకు అవసరమైన పేదల ఇళ్లను ఇలా ఎవరూ గీయని చోట సమకూర్చుకుంది.

చుట్టూ పచ్చని పొలాలు మిగలాలని 1952లోనే సరిహద్దు నియంత్రణ చట్టం చేసి, మొదట ఐదు మైళ్లు, తరువాత పది మైళ్ల వరకు కట్టడాలు ఆపారు. 1966 తరువాత ఆ పట్టీ పంజాబు, హర్యానా, కేంద్రపాలిత చండీగఢ్ అనే మూడు పాలనల మధ్య చీలిపోయింది. పంజాబు వైపు మొహాలీ, హర్యానా వైపు పంచ్‌కులా లేచాయి. చట్టం గట్టిదే, దాన్ని అమలు చేయవలసిన చెయ్యి ఒకటి కాకుండా పోయింది. మరోవైపు లోపలి మొదటి దశ సెక్టార్లలో ఇళ్లను అంతస్తులవారీగా అపార్ట్‌మెంట్లుగా మార్చి అమ్మడాన్ని 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆపింది. వారసత్వ రీత్యా ఆ తీర్పును నేను సమర్థిస్తాను. అయితే ఊరి నడిమధ్య పెద్ద స్థలాల్లో కొద్దిమంది, అంచుల్లో ఇరుకుగా ఎక్కువమంది ఉండే అసమానతకు వేరే మందు వెతకకుండా కాపాడుకోవడం ఒక్కటే సరిపోదు.

అమరావతి గురించి అడిగారు కాబట్టి పోలిక ఎక్కడ నిలుస్తుందో చెబుతాను. రాజధానిని పోగొట్టుకున్న రాష్ట్రం కొత్తది కట్టుకోవడం, కొంతకాలం ఉమ్మడి రాజధాని ఉండటం రెండుచోట్లా జరిగింది. హైదరాబాదు ఉమ్మడి హోదా పదేళ్లకు, 2024 జూన్ 2తో ముగిసింది. చండీగఢ్ ఆ హోదాలో ఇప్పటికీ ఉంది. అక్కడ భూమిని చట్టప్రకారం సేకరించి పరిహారం ఇచ్చి పంపేశారు. ఇక్కడ భూసమీకరణలో రైతు అభివృద్ధి చేసిన స్థలానికి వాటాదారు అయ్యాడు, గ్రామాలను కదిలించలేదు. ఇది మెరుగైన ఆరంభమని నా అభిప్రాయం. కానీ సరిగ్గా అందుకే బురైల్ ప్రశ్న మనకు ఇంకా పెద్దది. వెడల్పు రోడ్ల చట్రం నడుమ గ్రామకంఠాలు మిగిలిపోతున్నాయి. భూమి లేని కూలీ కుటుంబం వాటా దేనిలో? శాసనసభ భవనం ఆకారం గురించి జరిగిన చర్చలో పదో వంతైనా కూలి ఇంటి నమూనా గురించి జరగాలి. చండీగఢ్ నుంచి తెచ్చుకోవలసింది ఆ పదమూడో తరగతి ఇంటిమీద పెట్టిన శ్రద్ధ, ఈసారి దాన్ని జీతగాళ్లకే పరిమితం చేయకుండా.

మళ్లీ వెళ్లే అవకాశం వస్తే బస్సు వద్దు. ఇరవై రెండో సెక్టారులో దిగి పచ్చని పట్టీ వెంట నడిచి పదిహేడుకు చేరండి. పందొమ్మిదిలో పాత ఆర్కిటెక్టుల కార్యాలయం, ఐదులో జానరే ఇల్లు ఇప్పుడు ప్రదర్శనశాలలు. విశ్వవిద్యాలయంలో ఆయన కట్టిన గాంధీ భవన్‌ను ఉదయం వెలుతురులో చూడండి. రెండో రోజంతా బురైల్‌కు కేటాయించండి. అక్కడి సందు వెడల్పునూ, దాన్ని ఆనుకుని ఉన్న సెక్టారు రోడ్డు వెడల్పునూ టేపుతో కొలిచి, ఒక్కో గంటలో ఎంతమంది నడుస్తున్నారో రెండు చోట్లా లెక్కపెట్టండి. తిరిగివచ్చాక అమరావతిలోని ఏదైనా ఒక గ్రామకంఠంలో అదే పని చేసి ఆ అంకెలు ఇక్కడ రాస్తే, మిగిలిన సంగతులు వాటిని ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.